ఫ్రెంచి అపరాధపరిశోధక కథ – తెర – తెలుగునాడు

అపరాధపరిశోధక కథలను గూర్చి విశ్వవిద్యాలయ పత్రికలో వ్రాయుట కొందఱికి వింతగా తోపవచ్చును. మన సాహిత్యచరిత్రలలో ఈ శాఖకు దక్కినది సామాన్యముగ ఒక పేరా. పెక్కింట అదియును లేదు. అయినను, పాఠ్యగ్రంథములకు వెలుపల ఒక పుస్తకమును మొదటినుండి తుదివఱకు ఏకబిగిని చదువు అలవాటును తెలుగు బాలురకు నేర్పిన రచనలలో ఇవి ముందువరుసను నిలుచును. ఈ మాటను కాదనువారు కూడ తమ బాల్యమును తలచుకొన్నచో ఔననక మానరు.

ఈ వ్యాసమున మేము ఒక పరిమితమైన ప్రశ్నను మాత్రమే చేపట్టుచున్నాము. ఫ్రెంచి భాషలో పుట్టిన మేగ్రే కథాపరంపర పలుదేశముల టెలివిజనుపై ఎట్లు రూపుదాల్చినది? ఫ్రెంచి కథాపరంపరలు తెలుగు తెరకు ఏ రూపమున చేరినవి? ఏది చేరినది, ఏది చేరలేదు, దానికి హేతువేమి? ఈ ప్రశ్నకు లభించు సమాధానము మన నవలాచరిత్రకును, మన గ్రంథాలయముల కర్తవ్యమునకును సంబంధించినదని మా అభిప్రాయము.

విజయవాడలోని బెంజ్ సర్కిల్‌ను ఈ పరిశీలనకు ఆరంభస్థానముగ గ్రహింపవచ్చును. కలకత్తా నుండి మద్రాసునకు పోవు 16వ సంఖ్య జాతీయరహదారి, పుణె నుండి మచిలీపట్టణమునకు పోవు 65వ సంఖ్య జాతీయరహదారి అచ్చట కలిసికొనుచున్నవి. అపరాధపరిశోధక కథ తెలుగువారికి వచ్చిన త్రోవలును ఇంచుమించుగ ఇవియే. కలకత్తా దిక్కునుండి వంగకథల అనువాదములు వచ్చినవి. మద్రాసు దిక్కునుండి చౌకవెల నవలలును, స్టూడియోలలో తీసిన చలనచిత్రములును వచ్చినవి. హైదరాబాదు దిక్కునుండి టెలివిజను వచ్చినది. మిగిలినది బందరు త్రోవ. ఫ్రెంచివారు స్వయముగ కాలూనిన తావు ఆ దిక్కుననే కలదు. కాని ఫ్రెంచి కథ మాత్రము ఆ త్రోవను రాలేదు.

ఈ విషయము కొంత వివరింపదగియున్నది. ఫ్రెంచివారు 17వ శతాబ్ది ఉత్తరార్ధమున మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పిరి. ఫ్రెంచిపేట అను పేరు నేటికిని అచ్చట నిలిచియున్నది. ఆ చిన్న స్థావరము 1947లో భారతదేశమునకు అప్పగింపబడెను. గోదావరీతీరమందలి యానాములో ఫ్రెంచి పరిపాలన 1954 వఱకు సాగెను. ఇంతటి దీర్ఘసాన్నిహిత్యమున్నను, ఫ్రెంచి సాహిత్యము తెలుగువారికి ప్రధానముగ ఇంగ్లీషు ద్వారముననే పరిచితమైనది. కారణము స్పష్టమే. డెల్టాలోని పాఠశాలలు, న్యాయస్థానములు, ఉద్యోగములు అన్నియు మద్రాసు రాజధాని పరిపాలనకు లోబడినవి. అనువాదకుని బల్లపైనుండినది ఇంగ్లీషు పుస్తకము. ఒక సాహిత్యము మఱియొక సాహిత్యమునకు చేరుటకు ఇరుగుపొరుగు మాత్రము చాలదు. బడి, కచేరి, ముద్రణాలయము ఏ భాషవైపు తిరిగియుండునో కథయు ఆ వైపునుండియే వచ్చును.

మేగ్రే పుట్టుపూర్వోత్తరములు

అపరాధపరిశోధక కథ ఇంగ్లీషువారి సొత్తని మనలో పలువురి నమ్మకము. షెర్లాక్ హోమ్స్ ప్రతిష్ఠయే ఈ నమ్మకమునకు మూలము. నిజమునకు ఈ ప్రక్రియకు ఆదినుండియు పారిసు నగరముతో గాఢసంబంధము కలదు. నేరస్థుడుగ జీవితమారంభించి, పిదప పారిసు రక్షకభటశాఖలో రహస్యపరిశోధక విభాగమునకు అధిపతియైన వీడాక్ తన స్మృతులను 1828లో ప్రకటింప మొదలిడెను. అమెరికను రచయితయైన ఎడ్గార్ ఆలెన్ పో 1841లో వ్రాసిన కథకు సైతము పారిసు వీథియే రంగము. ఎమిల్ గాబోరియో 1866లో లెకాక్ అను పరిశోధకుని ప్రవేశపెట్టెను. కానన్ డాయిల్ హోమ్స్‌ను సృష్టించినది 1887లో. అనగా లెకాక్ తరువాత ఇరువదియొక సంవత్సరములకు. పిమ్మట మోరిస్ లెబ్లాన్ 1905లో ఆర్సేన్ లూపాన్ అను చోరనాయకుని సృజించెను.

ఈ వరుసలో తరువాత వచ్చినవాడు జార్జ్ సిమెనాన్. ఇతడు ఫ్రెంచి భాషలో వ్రాసినవాడేకాని ఫ్రెంచి దేశీయుడు కాడు. బెల్జియములోని లియేజి నగరమున 1903లో జన్మించి, 1989లో స్విట్జర్లండునందు మరణించెను. ఇతడు సృష్టించిన కమిషనరు మేగ్రే పేరిట మొదటి నవలలు 1931లో గ్రంథరూపమున వెలువడినవి. చివరిది 1972లో వచ్చినది. మొత్తము 75 నవలలు, 28 కథలు. నలువది సంవత్సరములకు పైగా ఒకే పాత్ర, ఒకే కార్యాలయము, ఒకే గృహము. మేగ్రే కార్యాలయము పారిసులో సేన్ నదియొడ్డున గల 36వ సంఖ్య భవనము. అది కల్పితము కాదు, పారిసు నేరపరిశోధక శాఖకు 2017 వఱకు నిజముగనే ప్రధానస్థానము.

మేగ్రే పద్ధతి హోమ్స్ పద్ధతికి భిన్నము. హోమ్స్ బూడిదను, పాదముద్రను పరీక్షించి నిర్ణయమునకు వచ్చును. మేగ్రే నేరము జరిగిన ఇంటికి పోయి కూర్చుండును. అచ్చటివారు తిను భోజనమును తినును, వారు నడచు మెట్లనెక్కును, వారి మాటలను వినును. తుదకు ‘ఎవరు చంపిరి’ అను ప్రశ్న ‘ఏ బాధ ఈ మనుష్యుని ఇంతవఱకు తెచ్చినది’ అను ప్రశ్నగా మాఱును. నేరస్థుడు పట్టుబడునప్పుడు మేగ్రేకు విజయోత్సాహము కలుగదు. తఱచుగ జాలి కలుగును. ఈ కథలలో ప్రధానద్రవ్యము చిక్కుముడి కాదు, వాతావరణము. వాన, పొగమంచు, కాలువ, పడవవాండ్రు త్రాగు పానశాల, అద్దెయింటి వాసన ఇవియే కథను నడపును. సిమెనాన్ ఒక పడవపై నివసించుచు ఫ్రాన్సు కాలువలవెంట తిరిగినవాడు. 1931 నాటి నవలలలో ఒకటి పూర్తిగా కాలువలాకులచెంతనే నడచును.

టెలివిజనుపై మేగ్రే

మేగ్రే మొదట చలనచిత్రములకెక్కెను. ప్రసిద్ధ దర్శకుడు జాఁ రెన్వార్ 1932లోనే ఒక నవలను చిత్రముగ తీసెను. అందు మేగ్రే పాత్రధారి దర్శకుని సోదరుడగు పియేర్ రెన్వార్. 1958, 1959, 1963 సంవత్సరములలో వచ్చిన మూడు చిత్రములలో జాఁ గాబాఁ మేగ్రేగా నటించెను. కాని మేగ్రేను ఇంటింటి మనుష్యునిగ చేసినది టెలివిజనే.

ఇందు మొదటి విశేషము, తొలి ప్రసిద్ధ ధారావాహిక ఫ్రాన్సులోగాక ఇంగ్లండులో వచ్చుట. బి.బి.సి. సంస్థ 1960 నుండి 1963 వఱకు రూపర్ట్ డేవిస్ నటించిన 52 భాగములను ప్రసారము చేసెను. ఇటలీలో 1964 నుండి 1972 వఱకు జీనో చెర్వి ఈ పాత్రను ధరించెను. ఫ్రాన్సులో 1967లో ఆరంభమై 1990 వఱకు సాగిన ధారావాహికలో జాఁ రిషార్ 88 భాగములందు నటించెను. తరువాత 1991 నుండి 2005 వఱకు బ్రూనో క్రేమర్ 54 భాగములందు నటించెను. ఇంగ్లండులో మరల 1992–93లో మైకేల్ గాంబన్ 12 భాగములలోను, 2016–17లో రోవాన్ అట్కిన్‌సన్ నాలుగింటిలోను కనబడిరి. జపానుదేశమున 1978లో ఐకావా కిన్యా మేగ్రేను పోలిన టోక్యో పోలీసు అధికారిగ నటించెను.

ఈ పట్టికవలన తేలునదేమి? మూడు విషయములు పరిశీలింపదగినవి.

మొదటిది కాలము. జాఁ రిషార్ ధారావాహికలో కథలు చిత్రీకరణ జరిగిన కాలముననే జరిగినట్లు చూపబడినవి. అనగా 1930 నాటి కథకు 1970 నాటి మోటారుకార్లు వచ్చినవి. బ్రూనో క్రేమర్ ధారావాహిక కథలను ప్రధానముగ 1950 ప్రాంతమున నిలిపినది. మొదటి పద్ధతిలో మేగ్రే ప్రేక్షకుని సమకాలికుడు. రెండవదానిలో గతించిన ఫ్రాన్సునకు స్మృతిచిహ్నము. ఒకే మూలము ఒక తరమునకు వార్తగను, మఱుతరమునకు చరిత్రగను ఉపయోగపడినది.

రెండవది స్థలము. గాంబన్, అట్కిన్‌సన్ నటించిన పారిసు నిజమునకు హంగేరీలోని బుడాపెస్టు నగరము. పాతపారిసు రూపము పారిసులో మిగులలేదు. మఱియొక నగరమున దానిని వెదకవలసివచ్చినది. జపానువారు ఇంకను ముందునకు పోయి, పారిసునే విడిచి, కథను టోక్యోకు తరలించిరి. కనుక మేగ్రేకు కావలసినది పారిసు అను పేరు కాదు. పాతబడిన ఇండ్లు, ఇరుకువీథులు, ఒకరినొకరు ఎఱిగిన జనము గల ఏ నగరమైనను చాలునని తెలియుచున్నది.

మూడవది మౌనము. నవలలో మేగ్రే ఆలోచనను రచయిత చెప్పును. తెరపై దానిని చెప్పువాడు లేడు. రూపర్ట్ డేవిస్ పొగగొట్టమును ముట్టించుటలోను, క్రేమర్ బరువైన నడకలోను, తడవుగ సాగు నిశ్శబ్దములోను ఆ ఆలోచన వ్యక్తము కావలసివచ్చినది. రెండున్నర గంటల చలనచిత్రమునకు ఇట్టి మౌనము భారమగును. వారమువారము ఇంటికి వచ్చు ధారావాహికకు ఇది బలమగును. ఏలయన ప్రేక్షకుడు ఆ మనుష్యుని ముందే ఎఱిగియుండును, అతడు పలుకకున్నను అతని మనస్సును ఊహించుకొనగలడు. మేగ్రే చలనచిత్రమునకంటె టెలివిజనునకు ఎక్కువ అనుకూలుడగుటకు ఇదియే మూలకారణమని మా నిర్ణయము.

తెలుగు తెరకు చేరిన ఫ్రెంచి పరంపర

ఇక తెలుగునాటికి వత్తము. ఫ్రెంచి కథాపరంపర తెలుగు తెరకు చేరకపోలేదు. అయితే చేరినది మేగ్రే కాదు, మఱియొకటి. జాఁ బ్రూస్ అను ఫ్రెంచి రచయిత 1949లో ఓ.ఎస్.ఎస్. 117 అను సంకేతసంఖ్య గల గూఢచారిని సృష్టించెను. ఇయాన్ ఫ్లెమింగు జేమ్స్ బాండ్ తొలినవల 1953లో వచ్చినది. కనుక సంఖ్యగల ఈ గూఢచారి బాండ్‌కు అగ్రజుడే. ఆ పరంపరలో ఆంద్రే హ్యూనెబెల్ దర్శకత్వమున 1964లో బాంకాకు నగరము రంగముగ ఒక ఫ్రెంచి చిత్రము వచ్చినది. 1966లో డూండీ, సుందర్‌లాల్ నహతా నిర్మాతలుగ, ఎం. మల్లికార్జునరావుగారి దర్శకత్వమున వెలువడిన ‘గూఢచారి 116’ చిత్రమునకు ఆ ఫ్రెంచి చిత్రమే ప్రేరణ. ఫ్రెంచి 117 తెలుగున 116 ఐనది. కృష్ణాడెల్టాలో తెనాలికి సమీపమునగల బుఱ్ఱిపాలెమునకు చెందిన కృష్ణగారు ఇందు కథానాయకుడు, జయలలితగారు నాయిక. ‘తేనెమనసులు’, ‘కన్నెమనసులు’ చిత్రముల పిదప ఆయనకు ప్రత్యేకమైన గుర్తింపును, ‘ఆంధ్ర జేమ్స్ బాండ్’ అను బిరుదును ఈ చిత్రమే సంపాదించిపెట్టెను. అది 1967లో ‘ఫర్జ్’ అను పేరిట హిందీలోను వచ్చినది. 2018లో వచ్చిన ‘గూఢచారి’ చిత్రమున నాయకునకు మరల 116 సంఖ్య నిచ్చుటను బట్టి ఆ స్మృతి ఎంత దృఢమైనదో గ్రహింపవచ్చును.

ఇచ్చట ఒక వైచిత్రి కలదు. పారిసునుండి బయలుదేరిన సంఖ్య మద్రాసు స్టూడియోలగుండ తెనాలి యువకుని చేరి, అచ్చటినుండి బొంబాయికి పోయినది. అయినను ప్రేక్షకులు అతనిని పిలిచినది జేమ్స్ బాండ్ అను ఇంగ్లీషు పేరుతోనే. ఫ్రెంచిమూలము మరుగుపడినది. ఫ్రెంచిపేటను గూర్చి పైన మేము చెప్పిన మాటకు ఇది నిదర్శనము: ఫ్రెంచి వస్తువు వచ్చినను దానికి ఇంగ్లీషు ముద్రయే పడుచుండెను.

గూఢచారి చేరి, మేగ్రే చేరకపోవుటకు హేతువేమి? క్రియ సులభముగ ప్రయాణించును. పోరాటము, వేషధారణము, రహస్యయంత్రము, విదేశీయుని కుట్ర వీనికి ఏ దేశమైనను ఒకటియే. వాతావరణము అట్లు ప్రయాణింపదు. దానిని చేరినచోట మరల నిర్మింపవలెను. గూఢచారికి తెలుగు పేరు పెట్టి, తెలుగు పాటలు చేర్చినచో కార్యము ముగిసినది. మేగ్రేకు తెలుగు పేరు పెట్టినంతమాత్రమున ఏమియు జరుగదు. అతడు పోయి కూర్చుండు ఇల్లు, ఆ యింటి వంట, ఆ యింటివారి పట్టింపులు, పనిమనిషి మాటతీరు, ఆ వీథి చివర టీదుకాణము ఇవి యన్నియు తెలుగువి కావలెను. అనువాదకుని పని అచ్చట ముగిసి నవలాకారుని పని ఆరంభమగును.

యుగంధరు, చంటబ్బాయి

ఇట్టి నవలాకారులు మనకు లేకపోలేదు. శ్రీ కొమ్మూరి సాంబశివరావుగారు 1950 దశాబ్ది చివరనుండి డిటెక్టివ్ యుగంధరు నాయకునిగ పదులకొలది నవలలు వ్రాసిరి. ‘చావు కేక’, ‘లక్షాధికారి హత్య’ మున్నగు పేర్లు నేటికిని పాతపాఠకుల నాలుకలపైనున్నవి. యుగంధరునకు రాజు అను సహాయకుడు కలడు. పోలీసుశాఖనుండి ఇన్‌స్పెక్టరు స్వరాజ్యరావు కలడు. పరిశోధకుడు, సహాయకుడు, అధికారి అను ఈ త్రయము హోమ్స్ కథలనాటినుండి వచ్చుచున్న నిర్మాణమే. పరంపరకు కావలసిన మొదటి లక్షణము, అనగా పాఠకుడు ప్రతి నవలలోను కలిసికొను శాశ్వతపరివారము, ఇందు సంపూర్ణముగ కలదు. కవిగను సాహిత్యచరిత్రకారుడుగను ప్రఖ్యాతులైన ఆరుద్రగారు సైతము ‘పలకల వెండిగ్లాసు’ వంటి అపరాధపరిశోధక నవలను వ్రాసిరనిన ఈ శాఖయెడ మన ఉపేక్ష ఎంత అనుచితమో తెలియగలదు.

ఈ నవలల వ్యాప్తికి కృష్ణాడెల్టా అనుకూలమైన నేలయయ్యెను. మచిలీపట్టణమున పుట్టిన ఎం. శేషాచలం అండ్ కంపెనీ, ఎమెస్కో పేరిట చౌకవెల పాకెట్‌పుస్తకములను, ‘ఇంటింట గ్రంథాలయము’ అను పథకమును నడపి పుస్తకమును మధ్యతరగతి గృహమునకు చేర్చినది. విజయవాడ ఏలూరురోడ్డు తెలుగుపుస్తకముల వర్తకమునకు కేంద్రమయ్యెను. ప్రతి పట్టణమునను అద్దెపుస్తకముల దుకాణములు వెలిసినవి. రోజునకు ఇంత యని కొలదిపైకము చెల్లించి నవలను తీసికొనిపోయి, మఱునాడు తిరిగి ఇచ్చుట ఆ కాలపు ఆచారము. ఒక్క ప్రతిని ఎందఱు చదివిరో లెక్కింప సాధ్యము కాదు.

చలనచిత్రరంగము మాత్రము ఈ నవలాసంపదనుండి వేఱొక మార్గమున పోయినది. మల్లాది వెంకటకృష్ణమూర్తిగారి నవల ఆధారముగ జంధ్యాలగారు 1986లో ‘చంటబ్బాయి’ చిత్రమును తీసిరి. చిరంజీవిగారు ధరించిన పాండురంగారావు పాత్ర తన్నుతాను ‘జేమ్స్ పాండ్’ అని చెప్పుకొనును. ఇరువది సంవత్సరముల క్రితము గంభీరముగ ఇచ్చిన బిరుదు ఇచ్చట హాస్యమునకు గుఱియైనది. ఒక ప్రక్రియ తన్నుతాను పరిహసించుకొనుట దాని పరిపక్వతకు గుర్తు. ప్రేక్షకునకు ఆ కథల కట్టుబాట్లు కంఠస్థమైననే కాని పరిహాసము తెలియదు. ‘చంటబ్బాయి’ టెలివిజనుపై మరలమరల ప్రసారమగుచు, థియేటరులో దానిని చూడని తరమునకు ప్రియమైన చిత్రముగ మాఱినది. వంశీగారి ‘డిటెక్టివ్ నారద’ (1993), నెల్లూరు రంగముగ వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ (2019) కూడ ఈ హాస్యమార్గమునకు చేరినవే. వీనిలో చివరిది హాస్యముతో ఆరంభమై, తల్లిని కోల్పోయిన కొడుకు దుఃఖముగుండ, అనాథశవముల చుట్టు అల్లిన నేరముచెంతకు చేరును. స్థలమును ఆశ్రయించిన కథ తెలుగున సాధ్యమే యనుటకు ఇది మంచి నిదర్శనము.

మేగ్రేవలె నిదానమైన పరిశోధకుడు తెలుగు గృహములకు టెలివిజనుపై రాకపోలేదు; కాని వచ్చినవాడు వంగదేశీయుడు, పలికినది హిందీ. శరదిందు బంద్యోపాధ్యాయ 1932లో సృష్టించిన వ్యోమకేశ బక్షిని 1993లో బాసు చటర్జీ దూరదర్శన్‌కు ధారావాహికగ తీసెను. రజిత్ కపూర్ ఆ పాత్రను ధరించెను. వ్యోమకేశునకు డిటెక్టివ్ అను పేరు రుచింపదు. తన్ను ‘సత్యాన్వేషి’ యని చెప్పుకొనును. అతనికి గృహము కలదు, భార్య కలదు, మిత్రుడు కలడు. కలకత్తా వీథులు కలవు. ఈ ధారావాహిక విజయమునకు కారణము పైన మేము మేగ్రే విషయమున గుర్తించిన మూడు లక్షణములే. కాలమును మూలమునకు తగినట్లు నిలిపిరి, స్థలమును విడువలేదు, నటుని మౌనమునకు అవకాశమిచ్చిరి. మూలరచనలు గ్రంథావళిగ సిద్ధముగ లభించుట నాల్గవ కారణము. ఇదియే మన విషయమున కీలకము.

ఒక ఆక్షేపము, దాని పరిహారము

ఇంతకును ఇవి చౌకరచనలు. భాష సామాన్యము, పాత్రలు పలుచన, కొన్నింట ఇంగ్లీషు నవలల ఛాయలు స్పష్టము. వీనికై విశ్వవిద్యాలయము శ్రమింపనేల, అని ఆక్షేపింపవచ్చును. ఇందు సత్యము లేకపోలేదు. మూలములను చెప్పక గ్రహించుట ఈ శాఖలో జరిగినది. పలు నవలలు తొందరలో వ్రాయబడినవి. అన్నింటిని ఒకే గౌరవముతో చూడుమని మేము కోరుటలేదు.

కాని, సిమెనాన్ విషయమున లియేజి విశ్వవిద్యాలయము ఏమి చేసినదో గమనింపుడు. ఆయన వారమునకో, పదిదినములకో ఒక నవలను ముగించు రచయితగ పేరొందినవాడు. తొలిదినములలో మారుపేర్లతో లెక్కకు మిక్కిలియైన చౌకనవలలు వ్రాసినవాడు. అట్టివాని వ్రాతప్రతులను, కాగితములను, గ్రంథములను 1976లో ఆ విశ్వవిద్యాలయము స్వీకరించి ప్రత్యేకనిధిగ భద్రపఱచినది. ఫ్రాన్సులో 1992 నాటి శాసనము రేడియో, టెలివిజను ప్రసారములను కూడ పుస్తకములవలె చట్టప్రకారము నిక్షేపింపవలెనని విధించినది. గుణమును నిర్ణయించుటకు ముందు వస్తువు మిగులవలెను. మిగిలిన పిమ్మటనే విమర్శకుడు తూచగలడు, కొత్తతరపు దర్శకుడు ఎన్నుకొనగలడు. మేగ్రే ఇన్నిమారులు తెరకెక్కుటకు అతని కథలు నిరంతరము అందుబాటులో ఉండుట ముఖ్యకారణము.

మనదేశమున 1954 నాటి గ్రంథసమర్పణచట్టము ప్రకారము ప్రతి ప్రచురణకర్తయు నియమితమైన జాతీయగ్రంథాలయములకు తన పుస్తకపు ప్రతిని పంపవలెను. చట్టము కలదు, కాని అద్దెదుకాణములకై ముద్రింపబడిన పలుచని నవలను శాశ్వతవస్తువుగ ఎవరును తలపలేదు. మేము విజయవాడలో పాతపుస్తకముల కుప్పలలో చూచిన డిటెక్టివ్ నవలలలో అట్టలు పోయినవి కొన్ని, ముద్రణసంవత్సరమున్న పుట చిరిగినవి కొన్ని. ఒకదానిలో చివరి రెండు పుటలు లేవు. హంతకుడెవరో తెలియలేదు. మాతోనున్న దుకాణదారుడు నవ్వి, ఆ నవలను చిన్నప్పుడు చదివితిననియు, హంతకుని పేరు మాత్రము జ్ఞప్తికి వచ్చుటలేదనియు చెప్పెను. ఒక తరము చదివిన సాహిత్యము ఆ తరపు జ్ఞాపకముతోపాటు ఎట్లు అంతరించునో ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము అక్కఱలేదు.

ఉపసంహారము

పై పరిశీలనవలన మేము చేరిన నిర్ణయములివి. ఫ్రెంచి కథాపరంపరలలో క్రియాప్రధానమైనది 1966 నాటికే తెలుగు తెరను చేరినది. వాతావరణప్రధానమైన మేగ్రే పరంపర ఆ త్రోవను రాలేదు. ఇందుకు భాషాదూరము కారణము కాదు, ప్రక్రియాస్వభావమే కారణము. మేగ్రేవంటి పరిశోధకునకు సహజమైన ఆశ్రయము చలనచిత్రము కాదు, టెలివిజను ధారావాహిక. అట్టిదానికి కావలసిన శాశ్వతపరివారము గల నవలలు తెలుగున కలవు. లోపించినవి రెండు: ఆ నవలల సమగ్రసంచయము, వానిని స్థలకాలములతో జోడించి చదివిన విమర్శ.

స్థలమునకు మనకు కొదవలేదు. సిమెనాన్‌కు కాలువలు కథావస్తువైనచో, కృష్ణాడెల్టాకు కాలువలే ప్రాణము. 1850 దశాబ్దిలో కృష్ణకు ఆనకట్ట కట్టిన పిమ్మటను, 1957లో ప్రకాశంబరాజు నిర్మింపబడిన పిమ్మటను ఏలూరుకాలువ, బందరుకాలువ, రైవిస్‌కాలువ విజయవాడ నడుమనుండియే పాఱుచున్నవి. నాలుగుదిక్కుల రైళ్లు కలియు జంక్షను, రాత్రియంతయు మేల్కొనియుండు లారీల రహదారి, వానకాలపు ఉక్క, ఒకరిని ఒకరు ఇంటిపేరుతో గుర్తించు జనము ఇవియన్నియు ఒక నిదానపు పరిశోధకునకు ఎదురుచూచుచున్నవి.

పరిశోధకవిద్యార్థులకు మా మనవి ఒకటే. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమపు తొలిమహాసభ ఈ బెజవాడలోనే జరిగినది. ఆనాటివారు పుస్తకమును ప్రజలకడకు చేర్చుట తమ ధర్మమనుకొనిరి. ప్రజలకడనున్న పుస్తకమును తిరిగి గ్రంథాలయమునకు చేర్చుట నేటివారి ధర్మము. అద్దెదుకాణములు నడపినవారును, ఆ నవలలను అచ్చొత్తిన కార్మికులును, వానిని దాచిదాచి చదివిన పాఠకులును ఇంకను మనమధ్య కొందఱు కలరు. వారి ఇండ్లకు పోయి కూర్చుండుడు. వారు చెప్పునది వినుడు. అటకలపైనున్న పుస్తకములను చూచి పేరు, సంవత్సరము, వెల, ముద్రణాలయము వ్రాసికొనుడు. ఇది మేగ్రే పద్ధతియే. సాక్షులు జీవించియున్నప్పుడే దీనిని ఆరంభింపవలెను.